ఏడో షరతులో వీరవేణి గారు

నేను ఒక ఒప్పంద పత్రాన్ని. వంద రూపాయల స్టాంపు కాగితం ఒకటి, దాని వెనక మామూలు తెల్ల కాగితాలు మూడు, ఎడమ మూల ఒక పిన్ను. ఇదీ నా శరీరం. మొహం మీద ప్రభుత్వ ముద్ర ఉంది కాబట్టి కాగితాల్లో కాస్త గౌరవమైన పుట్టుకే. నాతోపాటు ఒకే కట్టలో వచ్చినవాళ్లలో కొందరు పొలాల అమ్మకాలకు వెళ్లారు, కొందరు అద్దె ఇళ్లకు వెళ్లారు, ఒకడు అన్నదమ్ముల పంపకానికి వెళ్లి నెల తిరక్కుండానే కోర్టు మెట్లెక్కాడు. నాకూ ఏ కొబ్బరితోటో రాసిపెట్టి ఉంటుందని ఆశపడ్డాను. రాజమండ్రి కోర్టు గేటు దగ్గర గొడుగు కింద కూర్చునే స్టాంపు వెండరు నన్ను తిరగేసి, వెనక "తాడాల సూరిబాబు, తండ్రి వెంకన్న, కడియం మండలం" అని రాసి, ఎందుకోసమని అడిగాడు. "వెబ్‌సైటుకండి" అన్నారు సూరిబాబు గారు. వెండరు కాసేపు ఆలోచించి "ఇతరములు" అని రాశాడు.

నా ఒంటి మీద అక్షరాలు పడింది దానవాయిపేటలో, కళ్లజోళ్ల దుకాణం పైగదిలో. అక్కడ షేక్ రిజ్వానా అనే అమ్మాయి ఒక్కతే కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఆమె దగ్గర ఒప్పందం నమూనా ఒకటుంది. ఎవరో పరాయి దేశపు లాయరు రాసుకున్నదాన్ని ఓపిగ్గా తెలుగులోకి దించుకుంది. అందులో పద్నాలుగు షరతులు. యుద్ధం వస్తే ఎవరేం చేయాలో ఉంది. భూకంపం వస్తే ఏం చేయాలో ఉంది. అగ్నిపర్వతం బద్దలైతే గడువు ఎన్నాళ్లు పొడిగించాలో కూడా ఉంది. గోదావరి ఒడ్డున అలాంటిది ఎక్కడుందో నాకు తెలీదు. అసలు కావలసింది ఏమిటో చెప్పే ఏడో షరతు మాత్రం రెండు ముక్కల్లో తేలిపోయింది. "వెబ్‌సైటు వాడేవారికి సులువుగా ఉండాలి. అలా ఉందని క్లయింటు ఒప్పుకున్న రోజున పని పూర్తయినట్టు."

దీన్ని చదివి తల అడ్డంగా ఊపినవాళ్లు లేరట. సూరిబాబు గారైతే అంతదాకా చదవనే లేదు. తండ్రి పేరులో సున్నా పడిందో లేదో చూసుకుని, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి, నా జిరాక్సు ఆ అమ్మాయికి వదిలేసి, నన్ను స్కూటర్ డిక్కీలో వేసుకుని కడియం తీసుకెళ్లిపోయారు.

ఆయనకి అక్కడ పచ్చతోరణం అని ఆరెకరాల మొక్కల నర్సరీ ఉంది. గేటు పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో ఒక బల్ల, బల్ల మీద ఫోను, ఫోను వెనక ఆయన అక్క బొడ్డు వీరవేణి గారు. "ఇది భద్రంగా ఉంచక్కా" అని నన్ను ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ నన్ను ఆర్డర్ల పుస్తకం కింద పెట్టింది. ఆమె దృష్టిలో ఆ షెడ్డులో అంతకన్నా భద్రమైన చోటు లేదు. అలా నేను వెబ్‌సైటు కోసం పుట్టి, రోజంతా ఫోను వింటూ బతికాను.

వీరవేణి గారు భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోవడం చేతకాక ఆ ఫోను ఎత్తడం మొదలుపెట్టిందట. అది జరిగి ఇరవై ఆరేళ్లు. ఆవిడ ఆర్డరు తీసుకునే పద్ధతి నేను ఇంకెక్కడా వినలేదు. మొక్క పేరు అడగదు. ఫోను చేసేవాళ్లూ చెప్పరు. "అమ్మా, మా చెల్లెలి వాళ్ల గోడ మీద ఉంటుంది చూడండి" అని మొదలుపెడతారు. ఈవిడకి ఆ చెల్లెలూ తెలీదు, ఆ గోడా తెలీదు.

"అది సరేగానండి, మీరెక్కడ పెడతారో చెప్పండి" అంటుంది. "గేటు పక్కనాండి? ఎండ పొద్దుటొస్తదా, సాయంత్రమొస్తదా? నీళ్లెవరు పోస్తారండి?"

"పనిమనిషి పోస్తుందమ్మా."

"ఆవిడ రాని రోజు?"

పనిమనిషి రాని రోజు మొక్కకి నీళ్లుండవన్న సంగతి ఆ ఇంటి యజమానికి అప్పుడే తెలుస్తుంది.

"మేకలు తిరుగుతాయాండి మీ వీధిలో? అయితే నూరువరహాల మొక్క వద్దండి మీకు, ఎండబెట్టేస్తారు. గన్నేరు పట్టుకెళ్లండి. నీళ్లు మర్చిపోయినా బతుకుద్ది, మేక ముట్టుకోదు."

మూడు నిమిషాల్లో ఆర్డరు పుస్తకంలో పడుతుంది. ఆ గన్నేరు బతుకుతుంది. మళ్లీ వానాకాలం వాళ్లే ఫోను చేసి ఇంకో గోడ గురించి చెబుతారు. మాట్లాడేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఇంటికి వెళితే టీవీ తప్ప పలకరించేవాళ్లు లేని మనిషి, ఆ బల్ల దగ్గర రోజుకి నలభైమంది ఇళ్లలోకి వెళ్లి కూర్చుంటుంది.

ఇక వెబ్‌సైటు. రిజ్వానా మొదటిసారి తయారుచేసి చూపించినప్పుడు సూరిబాబు గారికి నచ్చింది. రెండు రోజులు నచ్చింది. మూడో రోజు అల్లుడు రాజారత్నం చూసి, "ఇంకా ఈజీగా ఉండాలి మావయ్యా" అన్నాడు. ఎలాగో చెప్పలేదు. రిజ్వానా బొమ్మలు తగ్గించింది. పురుగుమందుల డీలరు చూసి అక్షరాలు చిన్నవన్నాడు. పెద్దవి చేసింది. తుని నుంచి బావమరిది వచ్చి, అక్షరాలు సరే, మొక్కల షాపులో మొక్కలు కనబడవేం అన్నాడు. బొమ్మలు పెంచింది. పంచాయతీ ఆఫీసు గుమాస్తా రంగులు కళ్లకి కొడుతున్నాయన్నాడు. ఇలా ఆరుసార్లు తిరిగి, ఆరోసారికి సైటు మళ్లీ మొదటి రూపానికే వచ్చేసింది. సూరిబాబు గారు దాన్ని అటూ ఇటూ జరిపి చూసి, "ఇప్పుడు దారిలో పడిందండి. అయితే సులువు ఇంకా రాలేదు" అన్నారు.

ఆ మాటకి ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. పుస్తకం కింద నుంచి నన్ను లాగి, ఏడో షరతు మీద వేలు పెట్టింది.

"సూరిబాబు గారూ, సులువంటే ఎవరికండి?"

"ఎవరికేంటండి, అందరికీను."

"అందరూ అంటే ఎవరో ఒకరి పేరు చెప్పండి. ఏం పని చేయడం సులువవ్వాలి? ఎంతసేపట్లో?"

"సులువంటే సులువేనండి! దానికి కూడా కొలతలేంటండి బాబూ, లంగా జాకెట్టూనా?"

"కొలత లేకపోతే నేను ఎన్నిసార్లు కుట్టినా మీకు సరిపోదండి."

సూరిబాబు గారికి కోపం వచ్చింది. ఆయన మంచివాడే. తనకి తెలుసనుకున్నదాన్ని ఎవరైనా వివరంగా అడిగితే మాత్రం ఆయనకి అవమానంగా ఉంటుంది. చుట్టూ చూశారు. రెండు గజాల దూరంలో వీరవేణి గారు ఫోనులో ఎవరి డాబా మీది ఎండ గురించో అడుగుతోంది.

"అదిగో, మా అక్క. ఏడో తరగతి చదివింది. సెల్లులో ఫొటోలు చూసుకోడం, ఒకటీ అరా అక్షరాలు కొట్టుకోడం వరకే వచ్చు. ఆవిడ చేసిందంటే ఎవడైనా చేస్తాడు. రాసుకోండి!"

ఆయన విసుగుతో అన్నారు. రిజ్వానా నిజంగానే రాసింది. నా మూడో పేజీలో, ఏడో షరతు పక్కన ఖాళీలో, నీలం సిరాతో, సన్న అక్షరాలతో: "బొడ్డు వీరవేణి గారు ఎవరి సాయమూ లేకుండా, తన సెల్‌ఫోనులో, పది నిమిషాల్లోపు, చెప్పిన అవసరానికి తగిన మొక్కను ఆర్డరు పెట్టగలిగితే వెబ్‌సైటు సులువుగా ఉన్నట్టు." ఇద్దరూ పక్కన పొడి అక్షరాలు పెట్టారు. నాకు ఒళ్లు చక్కిలిగింతలు పెట్టినట్టయింది. నా పద్నాలుగు షరతుల్లో ఒక మనిషి కనబడటం అదే మొదలు. ఆ మనిషిని అడగాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

రిజ్వానా వెళ్లిపోయాక వీరవేణి గారు ఫోను పెట్టేసి, "నా పేరు వినబడింది, ఏంట్రా?" అంది.

"ఏం లేదక్కా. సైటు నీకు సులువైతే చాలని రాశాం."

"నన్నడిగారా?"

"అడిగేదేముంది, నీ మంచికేగా! సైటు మొదలైందంటే ఈ ఫోను తీసేద్దాం. ఇరవై ఆరేళ్లు కూర్చున్నావు, నడుం పట్టేసింది. ఇంక హాయిగా ఇంట్లో ఉండు."

వీరవేణి గారు చేతిలో కలం పుస్తకం మీద పెట్టింది. తర్వాత, "కూర్చోలేదురా, మాట్లాడాను" అంది. అప్పటికే సూరిబాబు గారు మొక్కల లారీ వచ్చిందని బయటికి వెళ్లిపోయారు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. సైటు సులువని తేలితే ఆవిడ కుర్చీ పోతుంది. సులువో కాదో చెప్పాల్సింది ఆవిడే. మతి ఉన్న ఏ వకీలూ ఇలా రాయించడు. యుద్ధాలకీ అగ్నిపర్వతాలకీ సిద్ధమై వచ్చిన నేను, ఆ ఒక్క నీలం సిరా వాక్యం ముందు తెల్లబోయాను. ఆవిడ నన్ను తీసి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. మళ్లీ పుస్తకం కింద పెట్టేసింది.

మొదటి పరీక్ష వారం తర్వాత జరిగింది. రిజ్వానా ఒక చీటీ మీద "గేటు పక్కన, ఎండ తగిలే చోట పెట్టడానికి ఒక మొక్క" అని రాసి ఇచ్చింది. వీరవేణి గారు కళ్లజోడు తుడుచుకుని, సైటు తెరిచి, వెతికే గడిలో ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ "గేటు పక్కన" అని కొట్టింది. ఫలితాలు లేవు అని వచ్చింది. "ఎండ" అని కొట్టింది. లేవు. "పనిమనిషి రాదు" అని కొట్టింది. సైటుకి అదీ తెలీదు. పది నిమిషాలు అయిపోయాయి. ఆవిడ నటించలేదు, నేను పక్కనే ఉండి చూశాను. నిజంగానే ఏ మొక్కా రాలేదు. రానందుకు ఆవిడ మొహంలో సంతోషం కనబడింది, కనబడిన మరుక్షణం సిగ్గుపడి తల దించుకుంది.

"చూశారా, సులువు లేదు!" అన్నారు సూరిబాబు గారు, ఇన్నాళ్లకి తన మాట నెగ్గిందన్న తృప్తితో.

రిజ్వానా ఆయన్ని పట్టించుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "మొక్క పేరెందుకు కొట్టలేదండి? మీకు అన్నీ తెలుసు కదా" అని అడిగింది.

"నాకు తెలుసమ్మా. పేరు తెలిసినోళ్లు నాకు ఫోన్ చెయ్యరు. తెలీనోళ్లే చేస్తారు. నేను వాళ్లలాగా కొట్టాను."

ఆ అమ్మాయి ఆ మాటని అలాగే చీటీ వెనక రాసుకుంది. మర్నాటి నుంచి మూడు రోజులు వచ్చి ఆ బల్ల పక్కనే కూర్చుంది. ఒక నోటుపుస్తకం, ఒక క్యారేజీ. ఫోను మోగినప్పుడల్లా వింటుంది, రాసుకుంటుంది, పెట్టేశాక అడుగుతుంది. మేకల సంగతి ఎందుకడిగారండి? డాబా అంటే ముందు నీళ్ల టాంకు ఎటుందని ఎందుకడిగారు? వీరవేణి గారు చెప్పకుండా ఉండొచ్చు. ఫోనులో రెండు ముక్కలు తక్కువ మాట్లాడొచ్చు. నేనైతే అలాగే చేసేదాన్ని. ఆవిడ మాత్రం అన్నీ చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లకి మొదటి ఏడాది ఎందుకు గులాబీలు ఇవ్వకూడదో చెప్పింది. మధ్యాహ్నం తన గోంగూర పప్పు ఆ అమ్మాయి క్యారేజీలో వేసి మరీ చెప్పింది. ఎందుకు చెబుతోందో నాకు మొదట అర్థం కాలేదు. ఆ ఇరవై ఆరేళ్లలో ఎవరూ ఆవిడని "ఎందుకు" అని అడిగి ఉండరు. అదే అయి ఉంటుంది.

రెండో పరీక్షకి సూరిబాబు గారు, రాజారత్నం ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. అల్లుడు సెల్‌లో టైం పెట్టాడు. చీటీ మీద ఈసారి "డాబా మీద, సాయంత్రం ఎండ, నీళ్లు పోసే మనిషి వారానికి నాలుగు రోజులే వస్తుంది" అని ఉంది. వీరవేణి గారు సైటు తెరిచింది. వెతికే గడి లేదు. పైన ఒకే ఒక ప్రశ్న, పెద్ద అక్షరాల్లో: "మీరెక్కడ పెడతారో చెప్పండి." కింద గేటు, గోడ, డాబా, వరండా బొమ్మలు. డాబా నొక్కింది. "ఎండ పొద్దుటొస్తదా, సాయంత్రమొస్తదా?" నొక్కింది. "నీళ్లెవరు పోస్తారండి?" నొక్కింది. తర్వాతి ప్రశ్న చదివి ఆవిడకి నవ్వొచ్చింది. "ఆవిడ రాని రోజు?" అని ఉంది అక్కడ.

నవ్వు సగంలో ఆగిపోయింది. తన మాటలు తనకే ఎదురుగా కనబడ్డాయి. ఎక్కడా ఒక్క అక్షరం మార్చలేదు ఆ అమ్మాయి.

మూడు నిమిషాలా ఇరవై సెకన్లకి చివరికొచ్చింది. తెర మీద మూడు మొక్కలు, ఆవిడ ఫోనులో అయినా అవే చెప్పేది. ఒకదాన్ని ఎంచుకుంది. "ఆర్డరు పెట్టండి" అన్న ఆకుపచ్చ గడి ఒకటే మిగిలింది. ఆవిడ వేలు దాని మీదికి వెళ్లి, తగలకుండా, అక్కడే ఆగిపోయింది.

నాలుగు నిమిషాలు. ఐదు. "నొక్కక్కా" అనబోయారు సూరిబాబు గారు. "ఎవరి సాయమూ లేకుండా అని రాసుకున్నామండి" అంది రిజ్వానా. ఆయన నోరు మూసుకున్నారు. ఆ అమ్మాయి తన బటన్‌లోనే ఏదో లోపం ఉందనుకుని గోళ్లు కొరుక్కుంటోంది. లోపం బటన్‌లో లేదని ఆ షెడ్డులో తెలిసింది ఆవిడకీ నాకూ మాత్రమే. ఇంకో ఐదు నిమిషాలు ఆ వేలు అలాగే ఉంటే చాలు. రాజారత్నం సెల్లు కూత పెడుతుంది, ఫోను ఈ బల్ల మీదే ఉంటుంది, ఆవిడ ఈ కుర్చీలోనే ఉంటుంది. నేను కాగితాన్ని, నాకు పక్షపాతం ఉండకూడదు. అయినా చెబుతున్నాను, ఆ ఐదు నిమిషాలు గడిచిపోవాలని కోరుకున్నాను.

ఆరో నిమిషంలో ఆవిడ నొక్కింది.

"సులువుగానే ఉందమ్మా" అంది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

సూరిబాబు గారు అక్క భుజం తట్టారు. "చూశావా, నేను చెప్పలా? ఒకటో తారీకు నుంచి సైటే. ఈ ఫోను కనెక్షను తీయించేస్తాను. ఇంక నీకు విశ్రాంతే విశ్రాంతి!" అని, నా మూడో పేజీ కింద పని పూర్తయిందని సంతకం పెట్టి, స్వీట్లు తెమ్మని అల్లుణ్ని తీసుకుని వెళ్లారు.

రిజ్వానా మాత్రం కదల్లేదు. సంచీ భుజాన వేసుకున్నది వేసుకున్నట్టే నిలబడిపోయింది.

"నాకు తెలీదండి" అంది. "ఫోను తీసేస్తారని నాకెవరూ చెప్పలేదు."

"చెప్తే ఏం చేసేదానివి? కష్టంగా చేసేదానివా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వాళ్ల వృత్తిలో అలా చేయకూడదు మరి.

"మీరు నొక్కకుండా ఉండొచ్చు కదండి."

"ఎలాగుంటానమ్మా? నా పేరు రాశారు. సులువుగా ఉన్నదాన్ని లేదని చెప్పనా? రేపెవరో డాబా మీద మొక్క పెట్టుకోడానికి చూస్తారు. వాళ్లకి దొరకాలిగా." ఆవిడ సెల్‌ఫోను బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయి చేయి పట్టుకుంది. "బాధగానే ఉందమ్మా. లేదని చెప్పను. నువ్వు మాత్రం బాగా చేశావు."

తర్వాత నాకు పెద్ద చరిత్రేమీ లేదు. షరతులు తీరిన ఒప్పందాన్ని ఎవరూ రెండోసారి చదవరు. ఇప్పుడు సూరిబాబు గారి ఇనప్పెట్టె పక్కన, పాత ఎరువుల బిల్లుల కట్టలో ఉన్నాను. వచ్చే దసరాకి కట్ట మొత్తం పాత కాగితాల వాడికి వేస్తారని వినికిడి. నాకు దిగులు లేదు. నా అన్నదమ్ములు ఎకరాలకి ఎకరాలు చేతులు మార్చారు గానీ, వాళ్లలో ఎవరూ నెలాఖరున ఆ బల్ల మీద లేరు. నేనున్నాను.

ఆ సాయంత్రం ఆవిడ బల్ల తుడిచి, ఆర్డర్ల పుస్తకం మూసి, నన్ను తీసి పైన పెట్టింది. టెలిఫోను ఆఫీసు మనిషి పొద్దున వస్తాడు. చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా ఫోను మోగింది. ఆవిడ చెప్పులు విడిచి వచ్చి ఎత్తింది. అవతల పిఠాపురం మాస్టారు. పదిహేనేళ్లుగా వానాకాలం రాగానే చేసే మనిషి.

ఎప్పటిలాగే అన్నీ అడిగింది. గోడ ఎటు, నీడ ఎంత, నీళ్లెవరు. ఆర్డరు రాసుకుంది. తర్వాత, "మాస్టారండీ, రేపటినుంచి ఈ ఫోనుండదండి. సెల్లులో మా సైటని ఉంటది, అందులో పెట్టుకోవాలండి" అని చెప్పింది.

పెద్దవాళ్లకి కొత్తదంటే ఉండే బెదురు ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది.

"అందులో ఎవరుంటారమ్మా?" అని అడిగారు.

వీరవేణి గారు ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"నేనే ఉంటానండి" అంది. "ఇవే అడుగుతాను. మీరు జవాబు చెప్పండి, చాలు."